సుహానా నోట నారింజ

నాయనా ముజమ్మిల్! మన సుహానా మాట్లాడింది! నోరు తెరిచి, గొంతు పెట్టి, వినేవాళ్ళకు అర్థమయ్యేటట్టు ఒక మాట అంది!

ముందు సలాం రాయాలి, తర్వాత క్షేమం రాయాలి, ఆ తర్వాతే కదా సంగతులు. చిన్నప్పుడు బడిలో అయ్యవారు నేర్పిన వరస అదే. ఇన్నేళ్ళూ తప్పలేదు. ఈరోజు పెన్ను పట్టుకుంటే అదే నన్ను లాక్కుని పోయింది. సరే, ఇప్పుడు రాస్తున్నా. అస్సలాము అలైకుమ్ నాయనా. ప్రొద్దుటూరులో నేను, తస్లీమా, పాప ముగ్గురమూ అల్లా దయవల్ల బాగున్నాం. మామూలు బాగు కాదు, పొయ్యి మీద పాలు పొంగినట్టు ఉన్నాం. నువ్వు అక్కడ వేళకు తింటూ, కువైట్ ఎండకు తలకు గుడ్డ చుట్టుకుని, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను.

ఇది దొంగ ఉత్తరం. ఈ సంగతి నీకు చెప్పొద్దని నీ భార్య తస్లీమా నాకు ఆన పెట్టింది. “మామా, ఫోన్లో మాత్రం ఆయనకు చెప్పొద్దు. శుక్రవారం సెలవు రోజు ఎట్లాగూ వీడియో కాల్ చేస్తాడు గదా. పాప నోటి నుంచే వినాల. ముందే చెప్తే ఏముంటాది?” అంది. ఫోన్లో చెప్పనని మాటిచ్చాను. ఉత్తరం మాట ఆమె ఎత్తలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. పక్క వీధి ఫరూఖ్ సెలవు ముగించుకుని రేపు బయలుదేరుతున్నాడు. కారంపొడి, శెనక్కాయల బెల్లం ఉంటలు కట్టిన పార్సిల్‌లో అడుగున ఈ కాగితాలు పెడుతున్నా. ఉంటలు తీసేటప్పుడు కాగితాలు పారెయ్యవద్దు.

నీకు ముందే చెప్పడానికి నా కారణం నాకుంది. పోయిన రంజానుకు పాప “అబ్బా” అందని నేను వీధంతా చెప్పుకుంటూ పోయి, నీకు ఫోన్ చేయించి, తీరా చూస్తే బిడ్డ ఆవులించింది. ఆ రాత్రి నువ్వు అన్నం కూడా తినలేదని తస్లీమా చెప్పింది. ఈసారి అట్లాంటిది కాదు. ఈసారి సాక్షులున్నారు. పాపకు వినడం, మాట్లాడటం నేర్పే చందన టీచరమ్మ ఈ ఉదయం పరీక్ష చేసి నిజమేనని చెప్పింది. అందుకని శుక్రవారం నువ్వు గుండె దిటవు చేసుకుని కూర్చోవాలని ముందుగా రాస్తున్నా. కానీ ఏమీ తెలియనట్టే ఉండాలి. ఆశ్చర్యపోవాలి. నీకు నటన రాదని తెలుసు. కాస్త అభ్యాసం చేసుకో.

జరిగింది జరిగినట్టు రాయాలంటే నీ పోయిన ఉత్తరం దగ్గర మొదలుపెట్టాలి. నువ్వు పనిచేసే దుకాణంలో పండ్ల పెట్టెలు సర్దుతుంటే ఒక వింత కనబడిందని రాశావు. స్పెయిన్ నుంచి వచ్చిన పెట్టె మీద నరంజ అని, పోర్చుగల్ పెట్టె మీద లరంజ అని, ఇటలీ పెట్టె మీద అరాంచ అని, ఫ్రాన్సు దాని మీద ఒరాంజ్ అని, ఇంగ్లీషులో ఆరెంజ్ అని ఉంటాయని. “అబ్బా, ఒకే మనిషి వేషాలు మార్చుకుని అన్ని ఊర్లూ తిరిగినట్టుంది. ఇది మన నారింజే కదా? మరి ఈడ అరబ్బులేమో బుర్తుకాల్ అంటారు, అదెక్కడిది?” అని అడిగావు. నా కొడుకు నన్నొక మాట అడిగాడంటే తెలియదని ఊరుకుంటానా? నాకు తెలిసిందల్లా అంటు కట్టడం. జంబేరి నిమ్మ మొక్కకు బెరడు చీరి, చీనీ కొమ్మ నుంచి తీసిన కన్ను, అంటే మొగ్గ, పెట్టి, కట్టు కట్టి, అది పట్టిందా లేదా అని ఎదురుచూడటం. మాటల సంగతి నాకేం తెలుసు? అందుకని మన వీధి చివర వనజమ్మ మేడం దగ్గరికి పోయాను. ఆమె తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైంది, నీకూ పాఠాలు చెప్పింది కదా. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. అందుకే ఆమెతో మాట్లాడటం నాకు ఇష్టం.

“ఏమప్పా వాహిదూ, ఈ వయసులో బడికొస్తాండావే! పలక తెచ్చుకున్యావా?” అంది.

నీ ఉత్తరం ఇచ్చాను. కళ్ళద్దాలు సవరించుకుని చదివి, లోపలికి పోయి లావుపాటి నిఘంటువులు తెచ్చుకుంది, ఫోన్లో కూడా ఏవో చూసింది. ఒక మధ్యాహ్నం మొత్తం కూర్చోబెట్టింది. నాకు అర్థమైనంత రాస్తున్నా, తప్పులుంటే నావి.

ఆ మాట పుట్టింది మన దక్షిణ దేశంలోనే అయి ఉండొచ్చునట. ఇక్కడి భాషల నుంచి సంస్కృతంలోకి నారంగమై పోయిందని పండితులు కొందరు అంటారట. “రాసిమ్మంటే మాత్రం రాసియ్యలేనప్పా. చూసొచ్చినోళ్ళు ఎవరూ లేరు” అని కూడా అంది. అక్కడి నుంచి పారశీకులు నారంగ్ అన్నారు. మన ఇళ్ళల్లో ఉర్దూలో నారంగి అంటామే, అదే. అరబ్బులు నారంజ్ అన్నారు. వాళ్ళు స్పెయిన్‌ను ఏలిన కాలంలో మొక్కతో పాటు పేరునూ అక్కడ నాటారు. అంటుమొక్కను తీసుకుపోతే వేరుకు అంటిన మట్టి కూడా పోతుంది కదా, అట్లాగే. స్పెయిన్ వాళ్ళు ఆ మాటను దాదాపు ఉన్నదున్నట్టే ఉంచుకున్నారు. పోర్చుగల్ వాళ్ళకు ముందరి అక్షరం నాలుక తిరగక ల అయ్యింది. ఇటలీ వాళ్ళ నోట్లో ముందున్న న ఎక్కడో జారిపడింది. ఫ్రాన్సు వాళ్ళూ అట్లే జార్చుకున్నారు. పైగా వాళ్ళ భాషలో ఓర్ అంటే బంగారమట, పండు రంగు చూసి ముందర ఆ ఓ తగిలించారని ఒక మాట ఉందట. “చూసినావా, ప్రొద్దుటూరు బజారే అనుకుంటాం గానీ, యాడికి పోయినా బంగారం పిచ్చే!” అని వనజమ్మ పడిపడి నవ్వింది. ఫ్రాన్సు నుంచి ఇంగ్లీషు వాళ్ళు ఎత్తుకుపోయి ఆరెంజ్ చేశారు. అంతా తిరిగి మన పిల్లల పుస్తకాల్లోకి ఆరెంజ్ అని కొత్త చుట్టంలా వచ్చింది. ఇంట్లోంచి పోయిన పిల్లవాడు పాంటు, టోపీ వేసుకుని తలుపు కొట్టినట్టు.

బుర్తుకాల్ సంగతి వేరట. అరబ్బులు ముందు తీసుకుపోయింది పుల్లటి నారింజ. తియ్యటి పండు చాలా తర్వాత వచ్చింది, దాన్ని ఎక్కువగా తెచ్చి అమ్మింది పోర్చుగల్ వాళ్ళు. అమ్మినోడి ఊరి పేరే పండుకు పడిపోయింది. గ్రీసు వాళ్ళూ, టర్కీ వాళ్ళూ అట్లాంటి పేరుతోనే పిలుస్తారట. జర్మనీ, హాలెండు దేశాల వాళ్ళు మాత్రం చైనా ఆపిల్ అనే అర్థం వచ్చేటట్టు పేరు పెట్టుకున్నారట. ఇది విని నేను ఎగిరి కూర్చున్నా. మన పులివెందుల వైపు బత్తాయిని చీనీ అంటాం కదా! అదీ చైనా నుంచే వచ్చి ఉండొచ్చని ఆమె అంది. నా బతుకంతా చీనీ కన్నులు కట్టాను, ఆ పేరు ఏ ఊరిదని ఒక్కసారన్నా అడగలేదు చూడు.

ఇంటికి వచ్చే దారంతా అదే ఆలోచన. ఒక మాట ఇన్ని సముద్రాలు దాటింది. ఎవరి నోట్లో పడితే వాళ్ళ నోటికి తగ్గట్టు వంగింది, అరిగింది, అక్షరం పోగొట్టుకుంది, అయినా చావలేదు. అంత గట్టి మాటకు నా మనవరాలి నోటి దాకా రావడం ఒక లెక్కా అనుకున్నా. చందన టీచరమ్మ కూడా, కొన్ని మాటలు ఎంచుకుని, వస్తువు చేతికిచ్చి అవే మాటలు మళ్ళీ మళ్ళీ అనమని మొదటి నుంచి చెప్తోంది కదా. ఇంట్లో ఒకే భాష ఉండాలని ఆమె అంటే మనం తెలుగు ఒప్పుకున్నాం. దాదా అనిపించుకోవాలన్న ఆశ చంపుకుని నేను తాతనయ్యాను. ఇక ఒక మాట ఎంచుకోవడానికి ఏముంది? ఆ మరుసటి రోజు నుంచి పొద్దున లేస్తూనే పండు ఒకటి పాప చేతిలో పెట్టి, నారింజ, నారింజ అని మొదలుపెట్టా. నువ్వు కూడా ప్రతి శుక్రవారం ఫోన్లో పండు పైకెగరేసి పట్టుకుని ఆడిస్తావు కదా. పాపకు ఆ పండు అంటే నువ్వే. నువ్వు ఫోన్ పెట్టేశాక కూడా పండు వైపు చెయ్యి చూపి తలుపు వైపు చూస్తుంది.

తస్లీమాకు విసుగొచ్చింది. “మామా, అమ్మ, నీళ్ళు అని నేర్పీకుండా ఈ నారింజ ఏంది? మనం ఇంట్లో చీనీ అంటాం గదా.”

“ఇది శానా దేశాలు తిరిగొచ్చిన మాట తల్లీ. దీనికి దారి తెలుసు” అన్నాను.

ఇప్పుడు నిన్నటి సంగతి. ఆదివారం లింగాల నుంచి రామాంజనేయులు రమ్మన్నాడు. తన చీనీ తోటలో కాయ తెంపుతున్నారు, పాపను తీసుకురా అని. ఆ తోట చెట్లన్నీ నేను అంటు కట్టినవే, అప్పటికి నువ్వు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చునేవాడివి. పులివెందుల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. చెవి వెనక వినికిడి మిషను, తలకు అతుక్కునే ఆ బిళ్ళ బస్సు కుదుపులకు ఊడిపోతుందని తస్లీమా దారంతా పాప తలకు రుమాలు కట్టి పట్టుకునే ఉంది.

తోటలో అడుగుపెట్టగానే నా చెట్లను చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక చెట్టు మొదట్లో కూర్చుని చేత్తో తడిమి చూశా. కింద జంబేరి మొదలు గరుకు, పైన చీనీ నున్నన. రెండూ కలిసిన చోట ఒక గీత ఇప్పటికీ తెలుస్తుంది. తిరుపతిలో పాప ఆపరేషన్ రోజు నీకు గుర్తుందా? డాక్టరు వచ్చి, చెవి వెనక చర్మం చీరి, లోపల సన్నని తీగ పెట్టి కుట్టేస్తాం, అది పట్టాక మిషను తగిలిస్తాం అంటే నువ్వు డాక్టరు చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను మాత్రం నీ భుజం మీద చెయ్యేసి, “ఇది కన్నంటు కట్టడమే నాయనా, నేను లక్షసార్లు చేసిందే” అన్నాను. ధైర్యం కోసం అన్నాను గానీ, అంటు కట్టినవాడికే తెలుసు. కన్ను పచ్చగా ఉన్నా కొన్నిసార్లు చిగురు రాదు. ఆపరేషన్ అయ్యాక, నువ్వు తిరిగి కువైట్ పోయాక, ఇన్నాళ్ళూ నేను ఆ కట్టు విప్పి చూసుకుంటున్నట్టే ఉన్నాను. పాప తలుపు చప్పుడుకు తిరిగింది, గ్లాసు పడితే ఉలిక్కిపడింది. వింటోంది. మాట మాత్రం లేదు.

నేను చెట్టు దగ్గర అట్లా కూర్చుని ఉంటే, పాప నా వెనక నిలబడి కింద రాలిన కాయ ఒకటి రెండు చేతులతో ఎత్తుకుని అందట. “ఆరింజ.” మళ్ళీ అందట. “ఆరింజ.” అన్నం క్యారియరు విప్పుతున్న తస్లీమా చేతిలోని మూత జారి గిన్నెల మీద పడింది. చెట్టు మీది కూలీలు తెంపడం ఆపేశారు. తస్లీమా పరుగెత్తుకొచ్చి పాప ముందు మోకాళ్ళ మీద కూలబడి, “ఏంది నాన్నా? ఏంది? ఇంగొకసారి!” అంటే, ఆ చిట్టితల్లి, “ఆరింజ!” అని అరిచి కాయ తీసుకుని నా వీపు మీద కొట్టింది.

రామాంజనేయులు గట్టు మీద నుంచి కేకేశాడు. “యోవ్ వాహిదూ! మనవరాలు పిలుస్తాంటే చెట్టుతో కాపురం చేస్తాండావేందప్పా! నీకు చెవుడా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత పాపను ఎత్తుకుని ఎట్లా ఏడ్చానో అది రాయను. చీనీ చెట్లకు ముళ్ళుంటాయి, కంట్లో పడిందని చెప్పా. ఎవరూ నమ్మలేదు. రామాంజనేయులు కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు అవతలికి పోయాడు. వచ్చి, “ఈ చెట్టు కాయలు మార్కెట్టుకు పోవు. ఇది పాపది. ఎవురన్నా చెయ్యి వేస్తే చెయ్యి తీసేస్తా” అని కూలీల మీద అరిచాడు, వాళ్ళేదో తప్పు చేసినట్టు.

ఈ పొద్దున చందన టీచరమ్మ దగ్గరికి పోయాం. ఆమె పద్ధతి నీకు తెలుసు. పాపతో మాట్లాడేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పెదాలు చూసి మాట పోల్చుకోవడం అలవాటైతే చెవి సోమరి అవుతుందని, వినే పని చెవితోనే చేయించాలని. అట్లాగే చెయ్యి అడ్డం పెట్టి, బల్ల మీద బొమ్మలు, పండు, బంతి అన్నీ పెట్టి అడిగింది. పాప పండు తీసి “ఆరింజ” అందట. చందన టీచరమ్మ కళ్ళు తుడుచుకుని, “ఇది అనుకరణ కాదు, అర్థం తెలిసి అంటాంది” అని తస్లీమాను కౌగిలించుకుంది. ముందక్షరం పోయిందే అని తస్లీమా బెంగపడితే, పిల్లలకు అది మామూలేనని, నిదానంగా వస్తుందని చెప్పింది. వచ్చేటప్పుడు వనజమ్మకు చెబితే ఆమె ఏమందో తెలుసా? “ఇటలీ దేశం దేశమంతా ఆ నకారం పోగొట్టుకునింది. వాళ్ళనెవరూ టీచరమ్మ దగ్గరికి పంపలేదే! నా బంగారు తల్లిని ఎవురన్నా ఏమన్నా అంటే చూడు!”

ఇంత సంతోషంలోనూ ఒకటి దాచి రాస్తూ వచ్చాను నాయనా. పైన తోట సంగతిలో చదివి ఉంటావు, పాప అందట అని రాశాను. అంది అని రాయలేదు. నువ్వు గమనించావో లేదో.

నీ ఉత్తరం చివర ఒక ప్రశ్న అడిగావు. “అబ్బా, వీడియోలో చెయ్యి ఊపి పక్కకు పోతావు. ఫోన్ ఇస్తే తస్లీమాకే ఇచ్చేస్తావు. కాగితం మీద ఇంత ప్రేమగా రాస్తావు, ఫోన్లో రెండు మాటలు మాట్లాడవు. నేను మళ్ళీ కువైట్ వచ్చేసినందుకు నామీద కోపమా?” అని. కోపం కాదు నాయనా. నీ గొంతు నాకు అందడం లేదు. ఫోన్లో నువ్వు మాట్లాడితే డబ్బాలో తుమ్మెద తిరిగినట్టు ఉంటుంది. ఊ, ఊ అంటాను. నువ్వు పెట్టేశాక ఏం చెప్పాడో అని తస్లీమా మొహం చూసి తెలుసుకుంటాను. కొంతకాలంగా ఇంతే. ఎదురుగా కూర్చుంటే, పెదాలు కనబడితే, లావు గొంతు అయితే తెలుస్తుంది. సన్నని గొంతు అసలు తెలియదు. బిడ్డ చెవుల కోసం మీరంతా అంత అల్లాడుతుంటే, ఇంట్లో ఇంకొక చెవి పోయిందని ఎట్లా చెప్పేది? ఒక ఇంటికి ఒక చెవి దిగులు చాలదా అనుకున్నా.

నిన్న లింగాలలో పాప మొదటి మాట నా వీపుకు చెప్పింది. నాకు వినబడలేదు. కాయతో కొట్టేదాకా తెలియలేదు. రామాంజనేయులు ఎగతాళిగా అన్న మాట నిజమే.

ఈ పొద్దున చందన టీచరమ్మ దగ్గర దొరికిపోయా. పాప వంతు అయ్యాక ఆమె సరదాగా, “ఇప్పుడు తాత వంతు” అంది. అది తెలిసింది. తర్వాత అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. నేను నవ్వుతూ కూర్చున్నా. ఇన్నాళ్ళూ నవ్వితే సరిపోయేది. ఆమె మళ్ళీ అంది. నేను మళ్ళీ నవ్వా. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు పాప బల్ల మీది పండు తీసుకుని నా దగ్గరకొచ్చి, నా చెయ్యి విప్పి, పండు అందులో పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని చందన టీచరమ్మ వైపు చాపింది. ఆమె అడిగింది, “తాతా, పండు నాకియ్యి” అనట. నా మనవరాలు నాకోసం వినింది నాయనా. చప్పుడంటే ఏమిటో తెలియకుండా పుట్టిన బిడ్డ, నాకోసం వినింది.

ఇక దాచేది ఏముంది? ఒప్పుకున్నా. చందన టీచరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, చెయ్యి తీసేసి, నిదానంగా చెప్పింది. “వయసులో చాలామందికి ఇట్లే అవుతుంది తాతా. సన్నని గొంతులు ముందు పోతాయి. పిల్లల గొంతులు మరీ. మీరు దిద్దుకోవచ్చు, దాచుకోకండి.” నేను తస్లీమా వైపు చూడలేకపోయా. ఆమే నా ఎదురుగా వచ్చి ఏమందో విను.

“నాకు ఎప్పుడో తెలుసు మామా.”

“తెలిసి ఎందుకు అడగలేదు తల్లీ?”

“నువ్వు చెప్పేదాకా ఆగినా. పాప కోసం ఆగడం అలవాటైంది గదా, నీ కోసం ఆగలేనా?”

అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నాళ్ళుగానో ఈ పిల్ల వంటింట్లోంచి కేక వెయ్యడం మానేసింది. పని వదిలి వచ్చి, నా ఎదురుగా వెలుతురులో నిలబడి, అన్నం పెట్టమంటావా అని అడిగేది. పెద్దవాళ్ళ మీద మర్యాద అనుకున్నా. మీ అమ్మ ఉండి ఉంటే ఇంత గుట్టుగా నన్ను చూసుకునేది కాదు, వీధికంతా చెప్పేది.

మధ్యాహ్నమే నాకూ చెవి పరీక్ష చేయించారు. నా చెవిలో మెత్తటి ముద్ద లాంటిది పెట్టి అచ్చు తీశారు. నేను భయపడతానని పాప నా వేలు గట్టిగా పట్టుకుని నిలబడింది. మిషను వచ్చేదానికి ఇంకా కొన్ని రోజులు పడుతుందట. వచ్చాక నన్నూ పాప పక్కన కూర్చోబెట్టి అభ్యాసం చేయిస్తానని చందన టీచరమ్మ అంది. ఇద్దరం ఒకే తరగతి. పాప నాకంటే పై మార్కులు తెచ్చుకుంటుంది, అనుమానం లేదు.

కాబట్టి కోపం అనే మాట ఇక రాయవద్దు. నువ్వు అక్కడికి పోయావని నాకు కోపం ఎందుకుంటుంది? పండు ఎక్కడ పండితేనేమి, పేరు ఎన్ని ఊర్లు తిరిగితేనేమి. ఒకరి నోట్లో బతికుంటే చాలు. మన ఇంట్లో నీ పేరు రోజంతా తిరుగుతూనే ఉంటుంది.

శుక్రవారం ఫోన్ చేసినప్పుడు పెట్టెలోంచి మంచి పండు ఒకటి ఏరి పట్టుకో. ఏ దేశానిదైనా పరవాలేదు. పాప అనేదాకా నువ్వు ఆ పేరు అనొద్దు. తొందరపడి అందించొద్దు. ఆగు. ఆమె చూస్తుంది, నవ్వుతుంది, పెదవులు విప్పుతుంది. నేను పక్కకు పోను, ఈసారి అక్కడే కూర్చుంటా. ఆమె అనేది నేను చూస్తా, నువ్వు విను.

ఇట్లు,
నీ మీద ఎన్నడూ కోపం లేని మీ అబ్బ,
సుహానా తాత,
అబ్దుల్ వాహిద్.

శుక్రవారం ఫోన్ అయ్యాక, అంతకు ముందు కాదు, తెలపాల్సినవాళ్ళు:

జాకీర్. నీ గదికి దగ్గరే ఉంటాడు కదా, మీ పెదనాన్న కొడుకు. ఆవులింత సంగతి చెప్పి ఏడాదిగా నన్ను ఏడిపిస్తున్నాడు. మొదట వాడికే చెప్పు.

అలీ అహ్మద్ మామ. ఆయనా అక్కడే. ఆపరేషన్ రోజు ఇక్కడ నువ్వు, అక్కడ ఆయన ఉపవాసం ఉన్నారు, మరిచిపోవద్దు.

చాపాడులో మీ అక్క ఫర్జానా. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని చెప్పు, అరుస్తుంది. నాకైతే ఆ అరుపు సరిపోతుంది.

జమ్మలమడుగులో మీ అత్త జైబున్నీసా. ఆమెకు కూతురు తస్లీమానే చెప్పాలి. వేరే ఎవరి నోటనైనా ముందు వింటే వచ్చే రంజాను దాకా అలుగుతుంది.

చెన్నూరులో మీ మేనత్త మాబున్ని. ఆమెకు నేను పోయి చెప్తా. ఆమెకూ నాలాగే చెవులు, ఫోన్లో కుదరదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని అరుచుకుంటాం.

లింగాల రామాంజనేయులు. చూసినవాడే, అయినా నువ్వొకసారి ఫోన్ చెయ్యి. తనవల్లే అయ్యిందని అనుకుంటున్నాడు. అననియ్యి.

చివరగా, ప్రొద్దుటూరులో పాప తాత అబ్దుల్ వాహిద్. పాప గొంతు సన్ననా, బొంగురా, మీ అమ్మ గొంతులా ఉందా, ఆయనకు ఇంకా తెలియదు. విన్నవెంటనే ఆయనకు నువ్వే రాయాలి.